నుదురు వెనక్కి జరిగిన వాళ్లు హెయిర్ ప్యాచ్ ఎంచుకోవడం ఎలా: చెన్నై ఉక్కపోతని లెక్కలో పెట్టుకుని

ప్యాచ్ (జుట్టు పోయిన చోట అంటించే జుట్టు అతుకు) ఉందని ఎదుటివాళ్లు పసిగట్టేది నుదుటికి ఆనుకున్న మొదటి పావు అంగుళంలోనే. వెనక జుట్టు ఎంత ఖరీదైనదైనా సరే, అక్కడ గీత గీసినట్టుంటే చెన్నైలో ఒకటే మాట: 'టోప్పా', అంటే విగ్గు. అందుకే షాపువాడు చూపించే జుట్టు నిగనిగలు చూసి మురిసిపోకుండా, ఆ పావు అంగుళం ఎలా కుట్టారు, ఎక్కడ కూర్చుంటుంది, చెమటకి ఎన్నాళ్లు ఆగుతుంది అన్న మూడింటి మీదే బేరం నడపాలి.

ఎంత పోయింది?

మగవాళ్ల బట్టతలని కొలవడానికి డాక్టర్లు వాడే స్కేలుని హామిల్టన్ 1951లో తయారుచేస్తే, నార్వుడ్ 1975లో సవరించారు. అందులో 7 దశలు. రెండో దశ అంటే కణతల దగ్గర కొంచెం వెనక్కి జరగడం. పాతికేళ్లు దాటిన చాలామందికి ఉండేదే, దానికి ప్యాచ్ దండగ. మంచి బార్బరు చాలు. మూడో దశలో కణతల దగ్గర లోతుగా మూలలు పడతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్లకే. నాలుగు, ఆపైన అయితే నడినెత్తి కూడా పల్చబడి ఉంటుంది కాబట్టి ముందు పట్టీ ఒక్కటే పెడితే సరిపోదు, పైభాగం మొత్తం కప్పేది కావాలి.

రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడుతున్నా, నెలా రెండు నెలల్లో కుచ్చులు కుచ్చులుగా రాలుతున్నా, చర్మం ఎర్రబడి పొలుసులు లేస్తున్నా ముందు చర్మవ్యాధుల డాక్టరు. వాటి మీద టేపు అంటించడమంటే పుండు మీద మూత పెట్టడమే.

ఉన్న జుట్టుని గొరిగించుకోకండి

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. షాపుల్లో రెడీగా ఉండేవి 8×10, 7×9 అంగుళాల ప్యాచ్‌లు. మీకు ముందు రెండంగుళాలే పోయినా, వాళ్ల దగ్గరున్న సైజుకి సరిపడేలా మీ నెత్తి గొరిగేస్తారు. అలా చేస్తే వాళ్లకి అంటించడం తేలిక, ఆపైన నెలనెలా సర్వీసుకి (విప్పి, కడిగి, మళ్లీ అంటించడానికి) మీరు రాక తప్పదు. ట్రిమ్మరు ఆన్ చేసేలోపే చెప్పేయండి: 'ఫ్రంట్ మట్టుం పోదుం, షేవ్ పణ్ణాదీంగ.' ముందు వరకే చాలు, గొరగొద్దు అని. వినకపోతే లేచి వచ్చేయండి.

మీకు కావాల్సింది ఫ్రంటల్ ప్యాచ్: కణత నించి కణతకి 6–7 అంగుళాల వెడల్పు, వెనక్కి 1 నించి 2½ అంగుళాల లోతు. దీని వెనక అంచు మీ సొంత జుట్టు ఒత్తుగా మొదలయ్యే చోటికి చేరాలి. ఆ చోటు తెలుసుకోవడానికి తల తడిపి, దువ్వెనతో అడ్డంగా పాపిళ్లు తీస్తూ నుదుటి నించి వెనక్కి రండి. చర్మం వెడల్పుగా కనిపించినంతసేపూ అది పల్చటి చోటే. పాపిడి సన్నటి గీతలా మారిన చోట ఆగి, ఇంకో 5 మి.మీ. లోపలికి వెళ్లండి. అంచు అక్కడ. టేపు కోసం ఆ అంచు కింద ఒక సెంటీమీటరు పట్టీ వరకు ట్రిమ్ చేయించుకోక తప్పదు. అంతకన్నా ఎక్కువ పోనివ్వకండి.

క్లిప్పులతో బిగించేవి కూడా అమ్ముతారు. ముందు భాగంలో క్లిప్పు పట్టుకోవడానికి జుట్టే ఉండదు, వెనక పల్చటి జుట్టుకి బిగిస్తే రోజూ లాగి లాగి అదీ ఊడుతుంది.

అచ్చు తీయడం

ప్యాచ్ కొలతకి తల అచ్చు షాపులో తీసినా సరే, ఇంట్లో ఒకసారి మీరూ తీసుకుంటే మంచిది. వంటింట్లో గిన్నెల మీద చుట్టే పల్చటి ప్లాస్టిక్ రేపరు, అంగుళం వెడల్పు సెల్లోటేపు, చెరగని మార్కరు, సాయానికి ఇంకో మనిషి. రేపరుని నుదుటి మీంచి నెత్తి మీదుగా బిగువుగా లాగి చెవుల వెనక ముడేసుకోండి. దాని మీద సెల్లోటేపు నిలువుగా ఒక పొర, అడ్డంగా ఒక పొర అంటించండి. మొత్తం 8–10 ముక్కలు పడతాయి. అప్పుడు గట్టిపడి తల ఒంపు నిలుస్తుంది. దాని మీదే హెయిర్‌లైన్ (నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత), వెనక అంచు, రెండు కళ్ల బయటి కొసలకి నేరుగా పైన ఉన్న బిందువులు, పాపిడి ఏ వైపో బాణం గుర్తు వేసి కత్తిరించండి. మళ్లీ తల మీద పెట్టి చూడండి. అంచుల దగ్గర ముడత పడుతుంటే రేపరు వదులైందన్నమాట, మళ్లీ తీయాల్సిందే. ఆ ముడతే రేపు ప్యాచ్‌లో గాలి బుడగై లేస్తుంది.

గీత ఎక్కడ వేయాలి

కాలేజీ ఫోటో పట్టుకుని వెళ్లకండి. ముప్ఫై అయిదేళ్ల ముఖానికి పద్దెనిమిదేళ్ల నుదురు పెడితే గిన్నె బోర్లించినట్టుంటుంది. కనుబొమల మధ్య నించి హెయిర్‌లైన్ నడిమి బిందువుకి పెద్దవాళ్లలో 7–9 సెం.మీ. ఉంటే సహజంగా ఉంటుంది. కనుబొమల మీద నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి, కొలతతో సరిచూసుకోండి. ఇంకో పరీక్ష: కనుబొమలు పైకెత్తితే నుదుటి మీద ముడతలు పడతాయి కదా, అన్నిటికన్నా పై ముడతకి కనీసం ఒక వేలు పైన గీత మొదలవ్వాలి. ముడత ప్యాచ్ కిందికి వస్తే కనుబొమలెత్తిన ప్రతిసారీ అంచు కదులుతుంది, వారంలో జిగురు వదులుతుంది.

కణతల మూలల్ని పూర్తిగా పూడ్చేయకండి. కంటి బయటి కొస నించి నిలువుగా పైకి గీత గీస్తే, హెయిర్‌లైన్ కణత జుట్టుని కలిసేది ఆ దరిదాపుల్లోనే. అక్కడ సెంటీమీటరు, సెంటీమీటరున్నర వెనక్కి వంపు వదిలేయాలి. పెద్దవాళ్లలో బట్టతల లేనివాళ్లకి కూడా ఆ వంపు ఉంటుంది. ఎడమ వంపు, కుడి వంపు అచ్చంగా ఒకేలా ఉండనక్కర్లేదు. అసలు ముఖం ఏదీ అద్దంలో మడతపెట్టినట్టు ఉండదు.

బేస్: పేరు అడగొద్దు, ఏది ఎక్కడుందో అడగండి

వెంట్రుకల్ని కుట్టే అడుగు పొరే బేస్. మిరాజ్, ఆస్ట్రేలియన్ అంటూ షాపుల్లో రకరకాల పేర్లు వినిపిస్తాయి. ఒక్కో షాపు ఒక్కో సరుకుని అదే పేరుతో అమ్ముతుంది. ముందు ఏముంది, మధ్యలో ఏముంది, చుట్టూ అంచుకి ఏముంది అని మూడు చోట్లా అడగండి.

లేసు అంటే సన్నటి వల. స్విస్ లేసు అన్నిటికన్నా నాజూకు, పీకేటప్పుడు చిరుగుతుంది. ఫ్రెంచ్ లేసు కాస్త గట్టిది, రోజూ వాడేవాళ్లకి అదే నయం. పాలీ అంటే పల్చటి ప్లాస్టిక్ చర్మం: 0.03 మి.మీ. అయితే అంచు చర్మంలో కలిసిపోతుంది కానీ 3–4 వారాలకే పని అయిపోతుంది, 0.06–0.08 మి.మీ. రెండు మూడు నెలలు ఆగుతుంది, 0.10 దాటితే గట్టిదే కానీ దగ్గర్నించి చూస్తే అంచు తెలుస్తుంది. మోనో అనేది ముతక వల. ఆరు నెలలు, జాగ్రత్తగా వాడితే ఇంకా పైన మన్నుతుంది, కానీ ముందు భాగంలో మాత్రం వద్దు. దారం బిరుసుగా ఉండి గీతలా కనిపిస్తుంది.

చెన్నైకి పాలీ ఒక్కటే ఉన్న ప్యాచ్ వద్దనే చెప్పాలి. గాలాడదు, చెమట కిందే నిలిచి జిగురుని పాలలా చేసేస్తుంది. ముందు అంగుళం ఫ్రెంచ్ లేసు, మధ్యలో లేసు గానీ మోనో గానీ, పక్కలా వెనకా అర అంగుళం పాలీ పట్టీ ఉన్నది తీసుకోండి. పాలీ మీంచి టేపు శుభ్రంగా ఊడి వస్తుంది. అదే టేపు లేసు మీద వేస్తే జిగురు కన్నాల్లోంచి పైకి ఊరి వెంట్రుకల మొదళ్లలో బంకలా చేరుతుంది.

'సినిమా క్వాలిటీ సార్' అని ఊరిస్తే పడిపోకండి. కోడంబాక్కంలో విగ్గులు కట్టేవాళ్ల పనితనానికి వంక పెట్టలేం. కానీ ఆ లేసు విగ్గుని పొద్దున స్పిరిట్ గమ్‌తో అంటించి, షూటింగయ్యాక తీసేస్తారు. మౌంట్ రోడ్డు ఎండలో పది రోజులు ఉండాల్సిన సరుకు వేరు.

ముడుల దగ్గర కళ్లు పెట్టండి

పాలీలో వెంట్రుకని మడిచి గుచ్చేస్తారు; ముడి ఉండదు, నల్ల చుక్కా ఉండదు, కాకపోతే త్వరగా జారిపోతుంది. లేసులో ముడి వేయక తప్పదు. నల్ల జుట్టు ముడులు మిరియపు పొడి చల్లినట్టు కనిపిస్తాయి కాబట్టి ముందు అర అంగుళం ముడుల్ని బ్లీచ్ చేస్తారు. బ్లీచ్ ఎక్కువైతే మొదళ్లు నారింజ రంగుకి తిరుగుతాయి, వెంట్రుక బలహీనపడి మొదట ఊడేది కూడా అక్కడే. ఫెయిర్‌గా ఉన్నవాళ్లకి చేసే బ్లీచ్ చామనఛాయకి అవసరం లేదు, సగం చాలు. లేసు రంగు కూడా చూసుకోవాలి. తెల్లటి పారదర్శక లేసు గోధుమ రంగు నుదుటి మీద బూడిద పూసినట్టు కనిపిస్తుంది. లేత బ్రౌన్ లేసు అడగండి.

చూడాల్సిన పద్ధతి ఇది. లేసు ముందంచుని నుదుటి రంగుకి దగ్గరగా ఉండే ముంజేతి పైవైపు పరిచి షాపు బయటికి, ఎండలోకి రండి. ఫోను కెమెరా రెండింతలు జూమ్ చేసి ఫోటో తీయండి. మొదటి వరసలో ఒక్కో ముడికి ఒకే వెంట్రుక ఉండాలి. వరస తిన్నగా కాకుండా ఎగుడుదిగుడుగా, అక్కడక్కడ ఒకటి ముందుకి వచ్చినట్టు ఉండాలి. అంచున కాసిని పొట్టి, సన్నటి వెంట్రుకలు ఉండాలి. మొదటి వరస నించే రెండేసి మూడేసి వెంట్రుకలు గుబురుగా లేస్తే అది బ్రష్షు. వేలితో అంచు వెనక్కి తోసి కింద ఏముందో చూడండి. వెంట్రుకలన్నీ ఒకే కోణంలో పైకి నిక్కి ఉంటే నుదుటి మీద ఎప్పటికీ వాలవు.

తలనీలాలా, చిక్కు జుట్టా

తిరుమలలో భక్తులిచ్చిన తలనీలాలని పొడవుని బట్టి వేరుచేసి టీటీడీ ఇ-వేలంలో అమ్ముతుంది. మొదలు ఒకవైపు, కొస ఒకవైపు ఉండేలా కట్టలు కట్టగలిగిన జుట్టు కాబట్టి వెంట్రుక మీది సన్నటి పొలుసులన్నీ ఒకే దిక్కుకి ఉంటాయి, చిక్కుపడదు. వ్యాపారంలో దీన్నే రెమీ అంటారు. రెండోది వీధుల్లో స్టీలు సామాన్లిచ్చి కొనుక్కెళ్లే దువ్వెన జుట్టు. మొదళ్లూ కొసలూ కలగాపులగం. యాసిడ్‌లో ముంచి పొలుసు తీసేసి, సిలికాన్ పూత పూస్తారు. షాపులో ఇదే ఎక్కువ మెరుస్తుంది! నాలుగైదు తలస్నానాలకి పూత పోయి చీపురులా తయారవుతుంది.

తేడా పట్టడానికి ఒక వెంట్రుక అడిగి తీసుకోండి. మొదలు నించి కొసకి రెండు వేళ్ల మధ్య జారిస్తే నున్నగా, కొస నించి మొదలుకి జారిస్తే కాస్త గరగరలాడాలి. రెండు వైపులా గాజులా జారితే పొలుసు లేదు. వెలిగించి చూస్తే మనిషి వెంట్రుక కమురు వాసనతో బూడిదవుతుంది; సింథటిక్ కరిగి పూసలా ముద్దకడుతుంది.

ఇంకో పరీక్ష షాపువాళ్లకి నచ్చదు, మీకు మాత్రం ముఖ్యం. శాంపిలు కుచ్చుని తడిపి, దువ్వకుండా, డ్రయ్యరు పెట్టకుండా ఆరనివ్వండి. అసలు వంపు అప్పుడు బయటపడుతుంది. సొంత జుట్టు ఉంగరాలు తిరిగేదై ప్యాచ్ తిన్నగా ఉంటే ఈ ఊరి తేమకి పొద్దున పదకొండయ్యేసరికి రెండూ విడిపోతాయి, పక్కలు ఉబ్బి, పైది అట్టలా మిగులుతుంది.

ఒత్తు, రంగు

అమ్మేవాళ్లు 120 శాతం ఒత్తుని మామూలు అంటారు. ముప్ఫై దాటినవాళ్లకి పైన 90–100, ముందు అంగుళంలో 80 శాతం చాలు. ఎక్కువైనదాన్ని తగ్గించవచ్చు. ముందు సెంటీమీటరులో కనుబొమల ప్లకర్‌తో ఒక్కో వెంట్రుకా, దూరదూరంగా పీకాలి. అక్కడ థిన్నింగ్ కత్తెర వాడనివ్వకండి, తెగిన మొదళ్లు గడ్డంలా నిక్కుతాయి.

రంగుకి 1, 1బి అని నంబర్లుంటాయి. 1 కాకి నలుపు. మనవాళ్లలో ఎక్కువమందికి సరిపడేది 1బి, అంటే కాస్త మెత్తటి నలుపు. పోల్చాల్సింది చెవుల పైన జుట్టుతో, అదీ పగటి వెలుతురులో. క్రితంసారి కటింగులో రాలిన కుచ్చు కాగితంలో మడిచి తీసుకెళ్లండి. నెరిసిన వెంట్రుకలు 5, 10, 20 శాతం అని కలిపిస్తారు. కణతల వైపు ఎక్కువ, నుదుటి మధ్య తక్కువ పడేలా చెప్పాలి. ఆ తెల్ల వెంట్రుకలు చాలావరకు సింథటిక్ లేదా జడలబర్రె వెంట్రుకలు కాబట్టి వేడి ఇస్త్రీ పరికరాలు వాటి దగ్గరికి తేవద్దు. ఇక ప్యాచ్ నలుపు ఎండకి రెండు మూడు నెలల్లో ఎర్రబారడం మామూలే. గోరింటాకు పెట్టకండి. సెమీ పర్మనెంట్ రంగుని వెంట్రుక పొడవుకి మాత్రమే, బేస్‌కి అంటకుండా రాయాలి.

కటింగు

ప్యాచ్ పెట్టే రోజుకి పక్క జుట్టు మూడు నాలుగు వారాలు పెరిగి ఉండాలి. ప్యాచ్ ఎంత బాగున్నా పక్కల్ని జీరోకి కొట్టేస్తే మెట్టు కనిపిస్తుంది. మిషన్ 3, అంటే 10 మి.మీ.కి తక్కువ వద్దు. ముందు జుట్టు కనీసం మూడంగుళాలు ఉంచి, పక్కకి వాల్చి దువ్వుకోండి. మొత్తం వెనక్కి దువ్వడం అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. మొదటి నెల దాని జోలికి పోవద్దు.

అంటించడం

కొత్త టేపైనా జిగురైనా ముంజేతి లోపలివైపు రాసి 48 గంటలు చూడండి. దురద, దద్దురు వస్తే అది మీకు పడదు. నుదురు అంచు అంటించే రోజు గొరగొద్దు, ముందు రోజే కానివ్వండి. గాట్లలోకి జిగురు దిగితే మంట.

షాంపూతో కడిగి పూర్తిగా ఆరాక 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో అంటించే చోటంతా తుడవండి. దూదికి జిడ్డు అంటడం మానేదాకా తుడవాలి. స్కాల్ప్ ప్రొటెక్టర్ (జిగురు నించి చర్మాన్ని కాపాడే ద్రవం) ఒక పూత వేసి ఆరనివ్వండి. పాలీ పట్టీకి టేపు, ముందు లేసుకి నీటి ఆధారిత జిగురు. జిగురుని బ్రష్షుతో పల్చగా మూడు పూతలు, సెంటీమీటరు వెడల్పున వేయాలి. తెల్లగా ఉన్నది పారదర్శకమయ్యాకే తర్వాతి పూత. ఈ ఊళ్లో దానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతుంది, ఏసీ డ్రై మోడ్‌లో పెట్టుకుని చేయండి. తడి ఉండగానే లేసు దించితే అంచు తెల్లగా మిగిలిపోతుంది. మూడో పూత ఆరాక నడిమి బిందువు ముందు ఆనించి, అక్కడినించి రెండు కణతల వైపూ దువ్వెన వెనకవైపుతో నొక్కుకుంటూ వెళ్లండి. మిగులు లేసుని తిన్నగా కత్తిరించకుండా అలలు అలలుగా, వెంట్రుకల ముందు 1–2 మి.మీ. వదిలి కత్తిరించాలి. ఆ తర్వాత 24 గంటలు తలకి నీళ్లు తగలకూడదు, జిమ్ముకీ సెలవు.

డబ్బా మీద నాలుగు వారాలని రాసి ఉంటుంది. మేలో ఇక్కడ 7–10 రోజులు ఆగితే అదృష్టం. ముందంచుని వారానికోసారి విప్పి మళ్లీ అంటించుకోవడం నేర్చుకుంటే సర్వీసు ఖర్చు సగం తగ్గుతుంది. విప్పేటప్పుడు లాగొద్దు; రిమూవర్ స్ప్రే కొట్టి రెండు మూడు నిమిషాలు ఆగితే అదే వదులుతుంది.

రోజువారీ గొడవలు

హెల్మెట్ తొడిగేటప్పుడు నుదుటి పట్టీ అంచుని వెనక్కి దొర్లిస్తుంది. బెల్టులు రెండూ బయటికి లాగి పట్టుకుని నేరుగా దించాలి, లోపల సాటిన్ టోపీ ఉంటే రాపిడి తగ్గుతుంది. బోరు నీళ్ల ఉప్పు వెంట్రుకల మీద పేరుకుని బిరుసు చేస్తుంది కాబట్టి చివరి రెండు మగ్గులు ఆర్వో నీళ్లు పోసుకోండి. కొబ్బరినూనె టేపుకి బద్ధశత్రువు. దీపావళి తలంటు మానక్కర్లేదు, ప్యాచ్ విప్పే రోజు ఆ రోజుకి పడేలా చూసుకుంటే సరి. విభూతి పెట్టుకునేవాళ్లు అంచుకి వేలెడు కిందే ఆపాలి. పొడి జిగురు గీతకి అంటుకుని తెల్లటి చారికై కూర్చుంటుంది, అది కడిగినా పోదు.

ఖర్చు లెక్కేసేటప్పుడు ప్యాచ్ ధర ఒక్కటే చూడకండి. 12,000 పెట్టింది ఆరు నెలలు వచ్చి, నెలకి రెండు సర్వీసులకి వెయ్యి చొప్పున పోతుందనుకుంటే నెలకి 4,000 అయినట్టు. 6,000ది రెండు నెలలే వస్తే నెలకి 5,000. కుదిరితే ఒకేలాంటివి రెండు కొని మార్చి మార్చి వాడండి. ఒకటి కడిగి ఆరబెట్టుకునే వ్యవధి దొరుకుతుంది.

ముందు వరసలో వల కన్నాలు కనిపించేంతగా వెంట్రుకలు రాలితే దాని పని అయిపోయింది. మళ్లీ వెంట్రుకలు గుచ్చి ఇస్తామంటారు కానీ కొత్త ముడులు లావుగా వస్తాయి. ఇంకోటి ఆర్డరిచ్చేటప్పుడు బీరువాలో దాచిన పాత అచ్చు ఇవ్వకండి. తల తడిపి పాపిళ్లు తీసి మళ్లీ చూడండి, ఈలోగా మీ వెనక అంచు ఎంతో కొంత జరిగే ఉంటుంది.